కూడు కళ్లబడ్డాకే సూది

మా పక్కింటి అంతయ్య పోచంపల్లిలో మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు పెట్టినవాడు. పోలీసుకు బెదరడు, సూదికి బెదరడు, భార్య కౌసల్యకు మాత్రం బెదురుతాడు. అతనికీ నాకూ చక్కెర జబ్బే. నేను మూడో తరగతితో బడి మానిన గుంటూరుదాన్ని. అయినా ఇన్సులిన్ లెక్కలో మా వీధిలో నన్ను మించినవాళ్లు లేరు.

రెండువేల పదకొండులో ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. తెలంగాణ కోసం రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండి, అక్కడే తిని, బండ్లను ఆపడం. ఆ పొద్దున గోడ మీంచి చూస్తే అంతయ్య పొట్టకు సూది పొడుచుకుంటున్నాడు.

"ఎన్ని యూనిట్లు?"

"ఎప్పటి లెక్కనే. ఇరవై నాలుగు."

"తిన్నావా?"

"ఆడ తింటనక్కా. ఇంట్ల తిని వంటావార్పుకు పోతే ఇజ్జత్ ఉంటదా?"

"కూడు కళ్లబడకుండా సూది వేసుకునే మగాణ్ణి నిన్నే చూశాను. అక్కడ అన్నం ఉడక్కపోతే ఆ మందు నిన్నే తింటుంది."

"గుంటూరోళ్ల లెక్కలు నాకెందుకు? నువ్వు ఇంట్లనే ఉండు. నీ ఆంధ్ర యాస వింటే రాళ్లు పడ్తయ్."

పది దాటింది. చౌరస్తా వైపు కేకలు లేచాయి. నాకు కూర్చోబుద్ధి కాలేదు. కొంగున పంచదార మూటకట్టి, కౌసల్యను లాక్కుపోయాను.

మేం చేరేసరికి లాఠీలు ఆడుతున్నాయి. అన్నం గుండిగ బోర్లాపడింది. సగం ఉడికిన అన్నాన్ని తొక్కుతూ జనం పరుగు. ఎవరిదో తల పగిలి, గంజిలో నెత్తురు కలిసింది. అంతయ్య ఒళ్లంతా చెమటతో, ఇనుప గరిటె తిప్పుతూ తన పక్షం వాళ్లనే బాదుతున్నాడు.

"తాగొచ్చి కరాబ్ చేస్తున్నడు!" అని ఇద్దరు అతన్ని పడేసి తన్నారు.

"తాగుడు కాదురా, చక్కెర పడిపోయింది!" అని అరిచాను.

నా యాస వినగానే ఒకడు రాయి ఎత్తాడు.

"వెయ్యి! వేసి, వీడు చచ్చాక కౌసల్యకు నువ్వే సమాధానం చెప్పు."

వాడి చెయ్యి దిగింది.

కౌసల్య మొగుడి కాళ్ల మీద కూర్చుంది. అతను పళ్లు బిగించాడు. చెంప మీద రెండు వాయించి, తెరుచుకున్న నోట్లో పంచదార చిగుళ్లకు రుద్దాను. నా వేలు ఎముక దాకా కొరికాడు. నేను తియ్యలేదు. పంచదారతో పాటు నా నెత్తురూ మింగాడు.

కాసేపటికి చూపు నిలిచింది. "ఏమైందక్కా?" అన్నాడు, వాచిన దవడతో.

"అన్నం కంటే ముందు సూది తిన్నావు."

ఆ వేలు ఇప్పటికీ సరిగా వంగదు.

తర్వాతి వంటావార్పుకు అంతయ్య ఉదయం ఇంట్లో సూది వేసుకోలేదు. సీసా, సిరంజి చల్లటి ఫ్లాస్కులో పెట్టుకుపోయాడు. విస్తట్లో అన్నం పడ్డాక, అది సగమేనని చూసి, డాక్టరు చెప్పినట్టు మందు తగ్గించి, నడిరోడ్డు మీద చొక్కా ఎత్తి పొడుచుకున్నాడట.

గదేం లెక్కని ఎవరో నవ్వితే, "మా ఆంధ్రక్క లెక్క. నవ్వినోని పళ్లు రాలగొడ్తది" అన్నాడట.