పాత హోటల్లో ఇంకో రోజు

విశాఖ స్టేషన్ దగ్గర చవకలో రాజాలా పడుకోవాలంటే ఆ హోటలేనని మా మరిది ఊరందరికీ చెప్పేవాడు. సొంత హోటలన్నంత గొప్పగా చెప్పేవాడు. మా చెల్లి భర్త. ఆటోనగర్‌లో లేతు మిషను మీద పని. మేం బొబ్బిలి నుంచి వచ్చినప్పుడల్లా వాళ్ళ రెండు గదుల ఇల్లు ఇరుకని అక్కడే దింపేవాడు. "తెల్లదొరలు దిగిన మేడొదినా. మన డబ్బులకి ఇంకెక్కడ దొరుకుతాది?" అనేవాడు.

ఈసారి నేను ఆ హోటల్లో దిగింది అతను పోయాడని పలకరించడానికి. మధ్యాహ్నం షెడ్డులో క్యారేజీ విప్పి, అన్నం కలుపుతూనే పక్కకి ఒరిగిపోయాడట. నేను జ్వరంతో పడి ఉండి దహనానికి రాలేకపోయాను. ఫోనులో విన్నప్పుడు ఏడుపు రాలేదు. రైల్లోనూ రాలేదు.

చెల్లింటికి వచ్చి హోటల్లో ఉండడమేమిటంటే, మా అత్తగారి పట్టింపు. పలకరించడానికి వెళ్ళిన ఇంట్లో రాత్రి ఉండకూడదు. ఆ బట్టలతో నేరుగా మా గుమ్మం తొక్కకూడదు. ఎక్కడో తలస్నానం చేసి మరీ రావాలి. ఆవిడ శాస్త్రాలకి ఎదురు చెప్పే ఓపిక నాకు ఎప్పుడూ లేదు, అప్పుడు అసలే లేదు.

కౌంటర్లో పెద్దాయన పెళ్ళా, ఆసుపత్రా అని అడిగాడు. అక్కడికొచ్చేవాళ్ళు ఆ రెండు రకాలేనట. చుట్టాల్ని చూడ్డానికన్నాను. మేడ మీద గది ఇచ్చాడు. చెక్కమెట్లు, ఎర్ర గచ్చు, మనిషెత్తు కిటికీలు. కప్పు ఎంత ఎత్తంటే ఫ్యాను గాలి కిందికి దిగడానికి మొహమాటపడుతుంది. కిటికీ తీస్తే స్టేషన్ అనౌన్సుమెంట్లు, పోర్టు నుంచి నల్ల దుమ్ము. కిటికీ గట్టు మీద దుమ్ముని వేలితో రాసి చూస్తూ నిలబడ్డాను. గది బాగుందనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వెయ్యలేదు.

చెల్లి ఆ రోజు నుంచి నోరు విప్పలేదని దాని ఆడపడుచు ఫోన్లో చెప్పింది. తినమంటే తింటోందట, పడుకోమంటే పడుకుంటోందట, మాట మాత్రం లేదట. అప్పని, నేను వస్తే పలుకుతుందేమోనని అందరి ఆశ. మర్నాడు పొద్దున్నే నాకు రైలు. ఆ లోపు దాని చేత ఒక్క మాటైనా పలికించాలనే వచ్చాను.

గాజువాకలో వాళ్ళింటికి వెళ్ళేసరికి అది గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన చేరాను. నా జ్వరం సంగతి, రైల్లో రద్దీ సంగతి, హోటల్ గది సంగతి, నోటికొచ్చిందల్లా చెప్పాను. అది నా చేతి గాజుల వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు నాకు.

జనం వస్తున్నారు, కాసేపు కూర్చుంటున్నారు, పోతున్నారు. చావింటి నుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకూడదు. మళ్ళీ ఇలాంటి పని మీదే రావాలని కోరుకున్నట్టవుతుంది. అందుకని ఒక్కొక్కరూ లేచి, చెప్పులు వెతుక్కుని, మాటా పలుకూ లేకుండా జారుకుంటున్నారు. చెల్లి తలెత్తి ప్రతి ఒక్కరి వీపూ చూస్తోంది.

పొద్దు గుంకింది. దాని చేత ఒక్క ముక్క పలికించలేకపోయాను. ఇంక లాభం లేదని లేచి, కొంగు సర్దుకుంటూ, పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు కొద్దీ "ఎల్లొత్తానే" అనేశాను.

ఆడపడుచు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెల్లి అత్తగారు మొహం తిప్పేసుకుంది. నేను నాలిక్కరుచుకున్నాను. పదిమందికి బుద్ధి చెప్పాల్సిన వయసు నాది.

చెల్లి నా చెయ్యి పట్టుకుంది.

"రా అప్పా. అందరూ సెప్పకుండా ఎల్లిపోతన్నారు. ఆయనా సెప్పకుండానే ఎల్లిపోనాడు. నువ్వైనా రా."

హోటల్‌కి వచ్చి, అత్తగారు చెప్పినట్టే తలస్నానం చేశాను. చీర తడిపి కిటికీకి ఆరేశాను. దాని చేత పలికించాలనే కదా వచ్చింది, పలికింది. అయినా సంతోషం రాలేదు, ఏడుపూ రాలేదు. తడి జుట్టుతోనే పడుకున్నాను.

పొద్దున్న సంచీ తీసుకుని కిందికి దిగాను. పెద్దాయన తాళంచెవి కోసం చెయ్యి చాపి, మళ్ళీ రండమ్మా అన్నాడు. అందరితోనూ అనే మాటే. నేను ఇవ్వకుండా, ఇంకో రోజు ఉంటానని చెప్పాను. రాత్రి కిటికీకి ఆరేసిన చీర చూసి ఆయనకి సంగతి అర్థమయ్యే ఉంటుంది, ఏమీ అడగలేదు.

అత్తగారికి ఫోన్ చేశాను. ఒకసారి పలకరించి వచ్చిన ఇంటికి పెద్దకర్మ దాకా మళ్ళీ వెళ్ళకూడదని తెలీదా అని ఆవిడ గొడవ.

"వస్తానని చెప్పేశానత్తా" అన్నాను.

గాజువాక ఆటో ఎక్కి కూర్చున్నాక ఏడ్చాను.