లారీలు ఆగినా ఆగని దగ్గు

వాల్యెవో ఊళ్లో, కొండవైపు ఎక్కే మా వీధిలో, స్తమెన ఉతికినంత తెల్లగా బట్టలు ఇంకెవరూ ఉతకలేరు. ఆమెంటే గిట్టనివాళ్లు కూడా ఈ మాట ఒప్పుకుంటారు. ముప్పయ్యేళ్లు ఆస్పత్రి దుప్పట్లు ఉతికిన చేయి మరి. అలాంటి మనిషి చలికాలం వచ్చిందంటే చాలు, పెరట్లో తీగ మీది దుప్పటి ముందు నిలబడి తిట్లు లంకించుకునేది. తెల్లటి బట్ట మీద ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు! కింద పెద్దరోడ్డు వైపు పిడికిలి ఊపుతూ, "మీ లారీల చక్రాలు ఊడిపోనూ!" అనేది.

దుప్పటి పోతే పోయింది, మళ్లీ ఉతుక్కోవచ్చు. ఆవిడ కడుపుమంట మొగుడి గురించి. తిహొమిర్ నలభై ఏళ్లు బస్సు నడిపి దిగిన మనిషి, డెబ్భై నిండాయి. చలికాలంలో మొదలైన దగ్గు ప్లమ్ చెట్లు పూసేదాకా వదలదు.

"నువ్వు ఊరికి పట్టించిన పొగే నీ దగ్గరికి తిరిగొచ్చిందయ్యా" అనేది ఆవిడ.

"ఆ బస్సులోనే కదటే నిన్ను పెళ్లికి తీసుకొచ్చాను. అప్పుడు పొగ కనపళ్లేదా?" అనేవాడు ఆయన, దగ్గుకీ దగ్గుకీ మధ్య.

ఆ ఏడు మార్చిలో లోకమంతా పాకిన అంటుజబ్బు వచ్చి ఊరంతా మూతపడింది. అరవై అయిదు దాటినవాళ్లు గడప దాటకూడదన్నారు. స్తమెనకి ఇంకా రెండేళ్లు తక్కువ కాబట్టి సరుకులకి ఆవిడే వెళ్లింది. పెద్దరోడ్డు మీద ఒక్క లారీ లేదు. బస్సులన్నీ డిపోలో పడుకున్నాయి. మధ్యాహ్నానికల్లా ఆకాశం ఉతికి ఆరేసినట్టుంది. ఎన్నో ఏళ్లుగా మసగ్గా ఉండే పొవ్లెన్ కొండ మీద చెట్టుకి చెట్టు లెక్కపెట్టొచ్చు.

"చూస్తూ ఉండు వదినా, వారంలో మా ఆయన దగ్గు మాయం!" అంది స్తమెన కంచె మీదుగా, దిగువన పక్కింటి కొసారతో.

కొసార తొంభై ఏళ్ల తల్లిని చూసుకుంటూ ఉంటుంది. ఆ వీధిలో ఎవరింట్లో చెంచా కింద పడ్డా ఆమెకి వినపడుతుంది.

వారమైంది. దగ్గు తగ్గకపోగా రెట్టింపైంది. అదే వారం మంచు పడి చలి మళ్లీ విరుచుకుపడింది. ఇంట్లోనే కూర్చున్న జనం వెచ్చదనానికి తెల్లవారగానే బొగ్గు పొయ్యిలు ముట్టించారు. మామూలు రోజుల్లో అందరూ పనులకి పోతే సాయంత్రం దాకా చల్లగా పడుండే పొయ్యిలు ఇప్పుడు పొద్దస్తమానం మండుతున్నాయి. స్తమెన కూడా బొగ్గు తగ్గకుండా చూసింది. పైగా కిటికీ సందులన్నిట్లో తువ్వాళ్లు చుట్టి కుక్కింది. ఎదురెదురు కిటికీల మధ్య దూసుకుపోయే గాలి సోకితే మనిషి బతకడని మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. తిహొమిర్ పెరట్లో కట్టెల షెడ్డులోకి పోయి కూర్చుంటే రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"అక్కడ నాకు ఊపిరి ఆడుతోందే!"

"గాలి తగిలి చస్తావు. లోపలికి పద!"

బుధవారం కొసార కంచె దగ్గరికొచ్చింది. మూతికి గుడ్డ కట్టుకుని, నాలుగడుగుల దూరంలో నిలబడింది.

"వదినా, ఇది లారీల దగ్గు కాదు. లారీలేవీ?"

"జ్వరం లేదు. రోజుకి మూడుసార్లు చూస్తున్నా."

"నాకు ముసల్ది ఉంది. ఆదివారం దాకా చూస్తాను. తగ్గకపోతే ఆస్పత్రికి ఫోన్ చేస్తా. తర్వాత నన్ననొద్దు."

ఫోన్ చేస్తే ఏమవుతుందో స్తమెనకి తెలుసు. తెల్లటి ముసుగులవాళ్లు వస్తారు. రాజధానిలో వేల మంచాలు పరిచిన హాలుకి తీసుకుపోతారు. పెళ్లాన్ని దగ్గరికి రానివ్వరు. పోనీ అది నిజంగా ఆ జబ్బే అయితే పంపకపోవడం తప్పు. అది కాకపోతే, జబ్బు లేనివాణ్ణి తీసుకెళ్లి జబ్బుల మధ్య పడేసినట్టు. ఏది నిజమో ఎవర్నడగాలి? డాక్టరు ఫోన్లో, "జ్వరం రాకపోతే ఇంట్లోనే ఉంచమ్మా" అని పెట్టేశాడు.

బయట ఆరేస్తే మళ్లీ చుక్కలు పడుతున్నాయని, ఆ గురువారం ఆవిడ దుప్పటిని వంటింట్లోనే, పొయ్యికి ఎదురుగా తాడు కట్టి ఆరేసింది. తలుపు మూసింది. శుక్రవారం పొద్దున దుప్పటి దించి వెలుతురుకి పట్టి చూసింది. బయట పడే చుక్కలకి రెట్టింపు చుక్కలు!

"ఏవయ్యా, ఇలా రా. మన వంటింట్లోంచి లారీ ఏదైనా వెళ్లిందా రాత్రి?"

"వెళ్తే నేను డ్రైవర్ని పలకరించేవాణ్ణి కదే" అని దగ్గాడాయన.

చాకిరేవు లెక్క ఒకటుంది. మురికి ఎక్కడ చిక్కగా ఉంటే అక్కణ్ణించే వచ్చినట్టు. స్తమెన పొయ్యి వంక చూసింది. కప్పు వంక చూసింది. పొగగొట్టం తుడిపించి ఎన్నాళ్లయింది? ఆరేళ్లు. అలాగని లారీలు శుద్ధపూసలని కాదు, వాటి పాపం వాటిది. కానీ ఈ దగ్గుకి దారి ఇంట్లోంచే ఉంది.

పొగగొట్టాలు తుడిచే ద్రగీషా సరిగ్గా ఎగువన పక్కింట్లోనే ఉంటాడు. ఆయనకి అరవై ఆరు.

"రాలేను చెల్లెమ్మా, నన్ను కూడా లోపల పెట్టి తాళం వేశారుగా!" అని తన కిటికీలోంచి కేకేశాడు. "ఆరేళ్లా? మీ ఇద్దరూ ఆ పొగకి నిద్రలోనే పోకుండా ఎలా మిగిలారే? ముందు పొయ్యి ఆర్పెయ్!"

"ఆర్పుతా. తర్వాత ఎవరెక్కుతారు?"

"నీ కాళ్లకేం రోగం?"

శనివారం పొద్దున ద్రగీషా బ్రష్షూ, ఇనప గుండు కట్టిన తాడూ కంచె మీదుగా విసిరి, తన ఇంటి కప్పు ఎక్కి కూర్చున్నాడు. అది గడప దాటడం కిందికి రాదని ఆయన వాదన. స్తమెన మొగుడి పాత బస్సు కోటు తొడుక్కుని, తలకి గుడ్డ చుట్టుకుని, నడుముకి తాడు బిగించి నిచ్చెనెక్కింది.

"గుండు ముందు వదులు! నెమ్మదిగా! బావిలోకి బకెట్టు దించినట్టు!"

"నాకా చెప్తావు, బకెట్టు సంగతి!"

వీధి మొత్తం కిటికీల్లోకొచ్చింది. పొగగొట్టాలు తుడిచేవాళ్లు కనపడితే బట్టల గుండీ పట్టుకోవాలి, మంచి జరుగుతుందని మా నమ్మకం. ఆడది తుడిస్తే పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలీదు కానీ, ఎందుకైనా మంచిదని అందరూ గుండీలు పట్టుకున్నారు. కొసార వేసుకున్న గౌనుకి గుండీల్లేవు. పరిగెత్తుకుంటూ లోపలికెళ్లి కోటు తెచ్చుకుంది.

మూడు బకెట్ల మసి, తారులాంటి పెచ్చులు, ఒక కాకిగూడు. దిగేసరికి స్తమెన మొహంలో తెల్లగా ఉన్నవి కళ్లే.

అసలు కష్టమైన పని తర్వాతే మిగిలింది. కిటికీ సందుల్లో తువ్వాళ్లు పీకింది. వీధి వైపు కిటికీ తెరిచింది. పెరటి కిటికీ గొళ్లెం మీద చేయి వేసి ఆగిపోయింది. వాళ్లమ్మ ఉంటే ఆ చేయి విరిచేది. కళ్లు మూసుకుని తెరిచేసింది. గాలి గదిలోంచి దూసుకుపోయింది. తిహొమిర్ కోటు, మఫ్లరు, బొచ్చుటోపీ అన్నీ వేసుకుని మధ్యలో కుర్చీ మీద, ఉరిశిక్ష పడ్డవాడిలా కూర్చున్నాడు.

"నేను పోతే డ్రైవర్ల సంఘానికి చెప్పవే, దగ్గుతో కాదు, పెళ్లాం పెట్టిన గాలితో పోయాడని."

"మాట్లాడకు. ఊపిరి పీల్చు."

పీల్చాడు. ఇంకోటి పీల్చాడు. కాసేపటికి టోపీ కళ్ల మీదికి జారి, కుర్చీలోనే గురక పెట్టాడు. రెండు గంటలు. ఒక్క దగ్గు లేదు. స్తమెన గుమ్మంలో నిలబడి, ఆయన ఛాతీ లేచి పడటమే చూస్తూ ఉండిపోయింది.

ఆదివారం పొద్దున కొసార కంచె దగ్గరికొచ్చింది, చేతిలో ఫోనుతో.

"లేచాక మూడుసార్లు దగ్గాడు" అంది.

"నాలుగు. ఒకటి నీకు వినపళ్లేదు" అంది స్తమెన. "జ్వరం లేదు. రెండు గుడ్లు తిన్నాడు, మూడోది అడిగాడు. ఇంక నీ ఇష్టం, చేసుకో."

కొసార ఫోన్ చెయ్యలేదు. అలాగని కదల్లేదు కూడా. మూతిగుడ్డ వెనకనించి సన్నగా అంది.

"మా అమ్మ కూడా దగ్గుతోంది వదినా. పదిరోజులైంది. మీకు వినపడుతుందని దిండు అడ్డం పెట్టి దగ్గమన్నా."

"ఓసి నీ దుంప తెగ! మరి నా మీద ఎగిరావు?"

"భయమేసింది."

స్తమెనకి కోపం రాబోయి, దారి మధ్యలో ఆగిపోయింది. తను కూడా పది రోజులుగా అదే భయంతో చస్తూ ఉంది మరి.

"జ్వరం ఉందా?"

"లేదు."

"గొట్టం ఎప్పుడు తుడిపించావు?"

కొసార వేళ్లు మడిచింది. ఒక చేయి అయిపోయి రెండో చేతికొచ్చింది.

"చాల్లే, లెక్కపెట్టకు. వెళ్లి పొయ్యి ఆర్పు. ముసలమ్మకి దుప్పట్లు కప్పి రెండు కిటికీలూ తియ్" అంది స్తమెన. "అది చల్లారేలోపు నేను కాఫీ తాగి నిచ్చెన పట్టుకొస్తా."