ఖాళీ మిరపకాయల గోతం

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినండి, నాకు పెంచి చెప్పే జబ్బుంది. నిన్న గుంటూరు యార్డు పక్కన మిరప ఘాటు తగలగానే నాయనమ్మ ప్రార్థన గుర్తొచ్చింది.

డెబ్బై దాటాక కూడా ఆమె తెల్లారగానే ఖాళీ మిరపకాయల గోతం పరుచుకుని మోకరిల్లేది. ఆ మోకాళ్ల చప్పుడుకి మా ఊరికి ఆమడ దూరంలో ఉన్న పొన్నూరులో కోళ్లు లేచేవి.

"మంచం మీద కూర్చుని చేసుకోమ్మా, ప్రభువేమీ అనుకోడు," అనేవాడు నాన్న.

"ఆయన అనుకోడురా. నేను అనుకుంటాను."

కళ్లు మూసుకోగానే ఆమె చెంపల మీద కాలువలు పారేవి.

"నాయనమ్మా, దేవుడు రోజూ నిన్నే తిడతాడేంది?" అని చిన్నప్పుడు ఓ రోజు అడిగాను.

"తిట్టట్లేదురా. గోతంలో ఘాటు."

నమ్మాను. మర్నాడు గోతం దాచేసి నా దుప్పటి మడతపెట్టి వేశాను. దాని మీద మోకరిల్లినా కాలువలు ఆగలేదు. నేను చూస్తున్నానని ఆమెకు తెలిసింది.

"నీ దుప్పటికీ ఘాటు అంటిందిరా. మీ నాన్నకి చెప్పమాక."

చివరిదాకా ఆమె మంచం మీద కూర్చుని ప్రార్థన చేయలేదు. ఆ ఘాటు ఎక్కడిదో ఈమధ్య మెట్లెక్కేటప్పుడు నా మోకాళ్లు చెబుతున్నాయి.

పొన్నూరు కోళ్లు నేను కల్పించినవే. నాన్నకి ఇప్పటిదాకా చెప్పలేదన్నది మాత్రం నిజం.