రంగు తేలినావే

"రంగు తేలినావే" అని ఎవరైనా ఎవరితోనైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అది మెప్పుకోలు మాటేనని తెలుసు. ఒకప్పుడు ఆ మాట కోసమే నా మొహం పాడు చేసుకున్నాను. నాదొక్కటే అయితే ఇంత బాధ ఉండకపోను.

మాది పులికాట్ ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఇల్లు. నాయుడుపేటలో డిగ్రీ చదివే రోజుల్లో నా బుగ్గల నిండా మొటిమలు. ఎండలో రొయ్యలు ఆరబెట్టే మొహానికి నలుపు కొత్త కాదు గానీ, మొటిమ మానిన చోటల్లా అంతకన్నా నల్లటి మచ్చ పడేది. మొటిమ వారంలో పోయేది, మచ్చ ఏడాదైనా పోయేది కాదు. జాజికాయ అరగదీసి పెట్టాను, నిమ్మరసం రుద్ది మంట పుట్టించుకున్నాను. మా మేనత్త చూసిన ప్రతిసారీ, "మొకమేందిమే, నువ్వులద్దిన అరిసె మాదిరుండాది" అని నవ్వేది. ఆవిడ మొహం గురించి నేనెప్పుడూ ఒక్క మాట అనలేదు. అనాల్సింది.

బస్టాండు పక్క మందుల షాపాయన డాక్టరు చీటీ అడగలేదు, నా మొహం కూడా సరిగా చూడలేదు. చిన్న ట్యూబు చేతిలో పెట్టి, "రెండు పూట్లా పూసుకోమ్మా, పది రోజుల్లో తేడా తెలస్తాది" అన్నాడు. తెలిసింది. మొటిమలు అణిగిపోయాయి, నెల తిరిగేసరికి మొహం మెడకన్నా తెల్లగా వచ్చింది. మేనత్త గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "రంగు తేలినావే" అంది. కాలేజీలోనూ అదే మాట, బజార్లో అమ్మ పక్కన చేపలమ్మే ఆడవాళ్ళదీ అదే మాట. బుద్ధెరిగాక అప్పటిదాకా నన్నెవరూ బాగున్నావని అనలేదు. ఇంక ఆ ట్యూబు ఎలా మానతాను?

మా చెల్లికి అప్పుడు పద్నాలుగేళ్ళు. దానికి మొటిమ ఒక్కటీ లేదు, నాకన్నా ఒక చాయ నలుపు, అంతే. "నాకు కూడా రవంత పుయ్యక్కా" అని పక్కన చేరింది. నా చేత్తోనే పూశాను. ఏదో బంగారం పెడుతున్నట్టు సగం ట్యూబు దానికే ఇచ్చేశాను.

ఏడాదికి పైగా ఇద్దరం పూసుకున్నాం. ఒక వేసవిలో షాపులో ఆ సరుకు అయిపోయింది. వారం మానామో లేదో నాకు మొటిమలు పదింతలై లేచాయి, ఎండలోకి పోతే ఇద్దరి మొహాలూ కారం చల్లినట్టు మండేవి. రొయ్యలు నీడలో ఆరవు కదా. అమ్మ మమ్మల్ని నెల్లూరులో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

ఆవిడ ఖాళీ ట్యూబు తిప్పి దాని మీద రాసింది చదివింది. "ఇది స్టీరాయిడమ్మా. మీకు తేలింది రంగు కాదు, పలచబడింది చర్మం" అంది. మొటిమలకు వేరే మందులున్నాయని, మన రంగువాళ్ళు గిల్లినా రుద్దినా మచ్చ ఇంకా ముదురుతుందని, అది పోవడానికి నెలలు పడుతుందని, ఎండకు పోయేముందు ఎండను ఆపే క్రీము రాసుకోవాలని ఓపిగ్గా చెప్పింది. గోడమీద పటంలో మాత్రం అన్నీ తెల్లటి బుగ్గల మీద ఎర్రటి మొటిమలు. నావి ఒక్కరోజూ ఎర్రగా లేవు.

రెండేళ్ళకి నా మొహం దారిన పడింది. చెల్లిది పడలేదు. బుగ్గల మీద సన్నటి నరాలు పైకి కనిపిస్తాయి, ఎండ తగిలితే ఇప్పటికీ కమిలిపోతుంది, కళ్ళ దాకా చున్నీ కట్టుకుని గానీ బయటికి రాదు. షాపాయన మాత్రం పక్క గది కూడా కలుపుకుని షాపు పెద్దది చేసినాడు.

పోయిన నెల ఇద్దరం నాయుడుపేట బస్సులో పోతున్నాం. నీళ్ళు తాగడానికి చెల్లి చున్నీ దించింది. ఎదురు సీటులో ఒక పెద్దామె దాని మొహం చూసి, "ఏందమ్మా అట్టయింది, మొటిమలా" అని జాలిగా అడిగింది.

చెల్లి సీసా మూత బిగించుకుంటూ, కోపమేమీ లేకుండా చెప్పింది. "మొటిమలు నాక్కాదు. మా అక్కకి."