పేషెంటు తాలూకు

చిక్కడపల్లిలో నాటకాలు వేసినన్నాళ్ళూ నాకు ఏడుపు పాత్రలే వచ్చాయి. నీ ముఖమే అలాంటిదని మా ఆవిడ ఎగతాళి చేసేది. ఆ ముఖం చూసే కాబోలు, ఇప్పుడొక మెడికల్ కాలేజీ వాళ్ళు పిలిచారు. చావు కబురు ఎలా చెప్పాలో డాక్టరీ చదివే పిల్లలకు నాటకంతో నేర్పుతారట. వాళ్ళు డాక్టర్లు, నేను పెళ్ళాం పోయిన మొగుణ్ణి.

వేషం కట్టే పనే లేదు. మా ఆవిడ పోయి ఏడాదైంది. ఆ సంగతి కాలేజీలో చెప్పలేదు. చెబితే జాలిపడి ఇంకొకరిని పెట్టుకుంటారు. నాకేమో ఆ మాట ఒక్కసారైనా సరిగ్గా వినాలని ఉంది.

ఎందుకంటే అప్పుడు నాకెవరూ చెప్పలేదు. ఆస్పత్రి వరండాలో "ఏడో బెడ్డు తాలూకు ఎవరు?" అని కేకేస్తే, మందులు తెమ్మంటారేమోనని పరుగెత్తాను. డ్యూటీ డాక్టరు తలెత్తకుండానే, "ఇక్కడ సంతకం పెట్టండి, కాసేపట్లో బాడీ ఇస్తారు" అన్నాడు. ఎవరి బాడీ అని అడిగాను. అలా అడగాల్సి వచ్చినందుకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మొదటి వారం క్లాసులో ఒకడు "షీ ఈజ్ నో మోర్ సార్" అని గడియారం చూసుకున్నాడు. ఇంకొకడు రోగం గురించి పాఠం అప్పజెప్పాడు. మనిషి పోయిందో బతికిందో చివరిదాకా తేల్చలేదు. నేను అలవాటు కొద్దీ తల బాదుకుని ఏడ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. నారాయణగూడ మీదుగా ఇంటికి నడుస్తూ ఆ చప్పట్లను తిట్టుకున్నాను.

రెండో వారం ఒక అమ్మాయి వంతు వచ్చింది. పల్లె నుంచి వచ్చిన పిల్ల. వాళ్ళన్న అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు నౌకరీకి చదువుతున్నాడని అంతకుముందే ముచ్చట్లలో చెప్పింది. బట్టీ పట్టిన మాటలు మరిచిపోయి కాసేపు బిక్కమొహంతో నిలబడింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"బాపూ, నీతోటి ఇంకెవరన్న వచ్చిండ్రా?"

"లేదు బిడ్డా, నేనొక్కన్నే."

"జర నా దిక్కు చూడు. అమ్మ పాణం పోయింది బాపూ. మస్తు కోషిష్ చేసినం. కాపాడలేకపోయినం."

పిలిస్తే పలికే నా ఏడుపు ఆ పూట రాలేదు. ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. వెనక నుంచి ప్రొఫెసరు గారు, అయిపోయిందనుకుని, "నెక్స్ట్" అన్నారు.

ఆమె లేవబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"ఇంకోసారి చెప్పు బిడ్డా. ఇప్పటిదాంక నాకెవ్వరు చెప్పలే."