సన్న సెగ లేని డబ్బా

డబ్బాల డాక్టరంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. పాతికేళ్లుగా మైక్రోవేవ్‌లు బాగుచేస్తున్నాడు. వెనక మూత ఊడదీస్తే ఏ తీగ ఎక్కడికి పోతుందో కళ్లు మూసుకుని చెబుతాడు. అందులో వండమంటే మాత్రం సున్నా. కప్పుడు నీళ్లు పెట్టి, ఫుల్ పవర్ మీద నిమిషం తిప్పి, వేలు ముంచి చూసుకోవడమే ఆయనగారికి తెలిసిన వంట.

వంటంతా అక్కది. ఓ ఆఫీసు క్యాంటీన్‌లో ముప్పై ఏళ్లు పొయ్యి దగ్గర నిలబడిన మనిషి. అమ్మ పోయాక తమ్ముణ్ని ఎనిమిదో ఏట నుంచి సాకింది. నోరు పెద్దదే కానీ, అతను తిన్నాడో లేదో కనుక్కోకుండా ఏనాడూ కంచం ముందు కూర్చోలేదు. పోయిన నెల పక్షవాతం ఆమె కుడిచేతినీ గొంతునీ పట్టుకుంది. నీళ్లు తాగినా పొలమారుతోంది. మెత్తగా నలిపి పెట్టినవన్నీ "ఇది గోడకి పూసుకోరా" అని ఉమ్మేస్తోంది. శుక్రవారంలోగా పూటకో కప్పు మింగకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందేనని నర్సు తేల్చి చెప్పేసింది. అక్క గొట్టానికి చచ్చినా ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే తనకి దక్కదు. ఆ భయంతో రెండు రోజులుగా అతనికీ ముద్ద దిగడం లేదు.

దారి కూడా ఆ నర్సే చూపించింది. "జపాన్‌వాళ్లు గుడ్డు గిలక్కొట్టి, కోడిమాంసం ఉడికిన నీళ్లు మూడింతలు కలిపి, ఆవిరి మీద పెడతారండీ. గడ్డపెరుగులా పేరుకుంటుంది. నమలక్కర్లేదు, నాలుకతోనే నలుగుతుంది. మైక్రోవేవ్‌లోనూ అవుతుందట."

ఆ చివరి మాటకి డాక్టరుకి ప్రాణం లేచొచ్చింది.

గురువారం పొద్దున్నే మొదలుపెట్టాడు. అలవాటుకొద్దీ ఫుల్ పవర్ నొక్కాడు. రెండో నిమిషంలో లోపల ఢామ్మంది. గుడ్డంతా గోడలకి అంటుకుంది, తుడిచేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. రెండోసారి టైము తగ్గించాడు. అంచులు స్పాంజిలా బిగుసుకున్నాయి, నడిమధ్య నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి.

"పాత మిషనక్కా, వేడి సమంగా పడట్లేదు," అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట." మంచం మీంచి అక్క మాట ముద్దగా వచ్చింది. "గుడ్డు కదరా, ఇనుమా? సన్న సెగ పెట్టు."

"దీనికి సన్న సెగ లేదక్కా. తక్కువలో పెట్టినా మంట అంతే ఉంటుంది. కాసేపు వెలుగుతుంది, కాసేపు ఆరుతుంది."

అక్క ఎడమచెయ్యి పైకెత్తి, దించి చూపించింది.

"మా క్యాంటీన్ పొయ్యీ తగ్గేది కాదు. గిన్నె ఎక్కించేదాన్ని, దించేదాన్ని. దించినప్పుడే ఉడుకుతుందిరా గుడ్డు."

పాతికేళ్లలో వంటకి తను ఎన్నడూ నొక్కని తక్కువ పవర్ బటన్ వైపు డాక్టరు బిక్కమొహం వేసుకుని చూశాడు. అక్క చెప్పినట్టే గుడ్డు నీళ్లు వడకట్టాడు, చెంచాతో నురగ తీశాడు, కప్పు మీద చిన్న ప్లేటు వదులుగా బోర్లించి, అన్నిటికన్నా తక్కువ పవర్‌లో పెట్టాడు. మిషన్ రొద పెట్టింది, ఊరుకుంది, మళ్లీ రొద పెట్టింది. ఊరుకున్నప్పుడల్లా అతను లేవబోతే, అక్క ఎడమచేత్తో కూర్చోమని సైగ చేసింది. అయ్యాక కూడా అయిదు నిమిషాలు ముట్టుకోనివ్వలేదు.

కప్పు కదిపితే పైపొర సన్నగా వణికింది. చెంచా ఆమే ఎడమచేత్తో పట్టుకుంది. అతను ఆమె గొంతు వైపే చూస్తూ, తన ఊపిరి సంగతి మరిచిపోయాడు. మొదటి చెంచా దిగింది. దగ్గు రాలేదు. రెండోదీ దిగింది. తొందర లేకుండా, ఒక్కో చెంచాకీ గడ్డం కిందికి దించి మింగుతూ, కప్పు అడుగు దాకా గీకింది.

"రేపు పుట్టగొడుగు వెయ్యి," అంది మూతి తుడుచుకుంటూ. "సన్నగా తరుగు."

మంచాన పడ్డ దగ్గర్నుంచి ఆమె నోట రేపన్న మాటే రాలేదు. అతను కప్పు కడిగే వంకతో వంటింట్లోకి పోయి, కొళాయి పూర్తిగా తిప్పేసి, ఆ చప్పుడులో చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"వినపడుతోందిలే," అంది అక్క గదిలోంచి. "ఏడ్చింది చాలు గానీ, కొళాయి కట్టెయ్యి."