అత్తయ్య నేర్చుకున్న గ్రామరు

మా అత్తయ్య ఆసుపత్రిలో ఆయా. అక్కడి నర్సులకూ డాక్టర్లకూ తెలుగు అంతంతమాత్రం కాబట్టి ఆమె వచ్చీరాని ఇంగ్లీషుకు వార్డంతా అలవాటు పడిపోయింది. "సిస్టర్, సెలైన్ ఓవర్" అనేది. "డాక్టర్, పేషెంట్ నో ఈటింగ్, ఓన్లీ క్రయింగ్" అనేది. ఎవరి ముందైనా సరే, జంకూగొంకూ లేదు. డాక్టర్లు నవ్వుకుంటూనే పరుగెత్తుకొచ్చేవాళ్లు. కన్నకూతుళ్లను కసురుకునే ముసలివాళ్లు కూడా ఆమె చెంచా పట్టుకుంటే బుద్ధిగా నోరు తెరిచేవాళ్లు.

ఆసుపత్రి చేతులు మారింది. రోగుల దగ్గర పనిచేసే ఆయాలంతా ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలని, తప్పినవాళ్లు బేస్‌మెంట్‌లో బట్టలుతికే చోటికి వెళ్లాలని కొత్తవాళ్లు తేల్చేశారు. అత్తయ్యకు పిల్లల్లేరు. మామయ్య పోయాక మా ఇంట్లోనే ఉంటోంది. ఆమెతో కూర్చుని మాట్లాడే తీరిక మాకెవరికీ లేదు కాబట్టి మాటలన్నీ వార్డులోనే ఖర్చు పెట్టుకునేది. ఆ వార్డు కూడా పోతే ఎలాగని బెంగ పట్టుకుంది. తిన్నగా మా నాన్న దగ్గరికొచ్చి, "తమ్ముడూ, ఇక నువ్వే దిక్కు" అంది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా నాన్న జీవితమంతా ట్యుటోరియల్లో గ్రామరు చెప్పినవాడు. ఆయన పద్ధతి ఒక్కటే. ఎనిమిది భాషాభాగాలూ కొట్టినపిండి అయ్యేదాకా ఇంగ్లీషులో నోరు విప్పకూడదు. తప్పులు మాట్లాడితే తప్పులే అలవాటవుతాయట. అక్కయినా సరే మినహాయింపు లేదు, వార్డులో కూడా ఇంగ్లీషు బంద్ అన్నాడు. ఆయనతో వాదించడం మా అమ్మ ఎప్పుడో మానేసింది.

అత్తయ్య శ్రద్ధ చూస్తే ముచ్చటేసేది. కూరగాయలు తరుగుతూ కత్తి నౌను, కోయడం వెర్బు, సన్నగా కోస్తే ఆ సన్నగా అన్నది అడ్వెర్బు అని గొణుక్కునేది. ప్రొనౌను దగ్గర, "పేరు తెలియని పేషెంటును ఈయనా ఆయనా అంటామే, అదేనా?" అని అడిగితే నాన్న పొంగిపోయాడు. వార్డులో మాత్రం ఆమెకు మాట పడిపోయినంత పనైంది. సెలైన్ అయిపోతే వెళ్లి నర్సు చెయ్యి పట్టుకుని లాక్కొస్తోందట. మీ అత్తయ్యకు గొంతు బాలేదా అని ఆ నర్సే నన్ను బజార్లో ఆపి అడిగింది. ఇంటికొచ్చి చెప్పాను. క్రమశిక్షణంటే అదేనన్నాడు నాన్న. ఇంకేం చేస్తాం?

పరీక్ష రోజు ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లింది. బల్ల అవతల కూర్చున్నాయన భాషాభాగాల ఊసే ఎత్తలేదు. రోగి మంచం మీంచి పడిపోయాడనుకో, నర్సును ఇంగ్లీషులో ఎలా పిలుస్తావో పిలువు అన్నాడు. వార్డులో ఆ కేక ఎన్నిసార్లు వేసిందో ఆమెకే తెలియదు. అలాంటిది నోరు తెరిచి, మళ్లీ మూసేసింది. ఆయన మంచివాడే. మంచినీళ్లిచ్చి, ఇంకోసారి అడిగి, కాసేపు చూసి, తర్వాతి మనిషిని పిలిచాడు.

సాయంత్రం ఇదంతా చెబుతుంటే నాన్న కుర్చీలో ముందుకు జరిగాడు. పడిపోవడం వెర్బేగా అక్కా, మనం చేశాం కదా అన్నాడు.

"తెలుసు తమ్ముడూ. పేషెంటు నౌను అనుకున్నా, పడ్డం వెర్బు అనుకున్నా. ఏది ముందు పెట్టాలో, ఎక్కడ తప్పు పోతుందో చూసుకుంటున్నా. ఆ పడ్డవాడు అలా కిందే ఉండిపోయాడు."

నాకు నాన్న మీద పీకలదాకా కోపం వచ్చింది. కానీ ఆయన ముఖం చూశాక అదీ నిలవలేదు. కుర్చీలో వెనక్కి జరిగి, "నేను చెప్పింది వదిలెయ్ అక్కా, పాతలాగే మాట్లాడు" అన్నాడు.

"ఎలా వదలను? వచ్చేసిందిగా" అంది అత్తయ్య.

ఇప్పుడు బేస్‌మెంట్‌లో దుప్పట్లు మడతపెడుతోంది. యంత్రాల హోరులో అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మొన్న లిఫ్టులో పాత వార్డు నర్సు కనబడి, ఎలా ఉన్నావని ఇంగ్లీషులో పలకరించిందట. అత్తయ్య జవాబు కూర్చుకునేలోపు వార్డు అంతస్తు వచ్చింది, నర్సు దిగిపోయింది.